గోడ మీద చిలకపచ్చ చీర

నేను కోడలిగా ఈ ఇంట్లో అడుగు పెట్టేసరికి నా సవతి గోడ మీద ఉంది. ఆమె పోయి అప్పటికి ఏడాది దాటింది, అయినా ఇల్లు ఆమెదే. యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలోకి ఎవరొచ్చినా తలుపుకు ఎదురుగా ఉన్న ఆమె ఫొటోనే మొదట చూస్తారు. కిటికీ వెలుతురు సరిగ్గా పడే చోటు అది. అక్కడ గడియారం పెడదామంటే కుదరలేదు, క్యాలెండర్ పెడదామన్నా కుదరలేదు. పెళ్ళి బట్టల్లో గడప దాటిన నన్ను మా అత్తమ్మ నేరుగా ఆ గోడ దగ్గరికే తీసుకుపోయింది.

"మా పెద్ద కోడలు. ముందుగాల ఆమెకు మొక్కు బిడ్డా, తర్వాత దేవునికి మొక్కుదువు" అంది.

మొక్కాను. తల ఎత్తి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

పెద్ద ఫొటో, చెక్క ఫ్రేము. చెక్కుడు పని ఉన్న కుర్చీలో కూర్చుని ఉంది. మామిడిపిందెల అంచున్న చిలకపచ్చ పట్టుచీర. మెడలో మూడు వరసల ముత్యాలు. ఒక చెయ్యి కుర్చీ చేతి మీద అలా వదిలేసి ఉంది, ఆ చేత్తో ఎన్నడూ అంట్లు తోమలేదన్నట్టు. పెదాలు కలిపి చిన్న నవ్వు. కళ్ళు మాత్రం మన వైపు చూడవు, కొంచెం పక్కకు చూస్తుంటాయి. నాకది పొగరు అనిపించింది. అన్నిటికన్నా ఆ మెడ. సన్నగా, పొడుగ్గా, ఒక్క మడత లేకుండా. మొహం సంగతి వదిలేసినా ఆ మెడ చూస్తే నాకు కడుపు మండేది. నాకు మెడ ఉందా లేదా అని మా అన్నలు చిన్నప్పుడు ఏడిపించేవాళ్ళు.

రెండో భార్యగా వచ్చిన ఆడదానికి ఉండే పద్ధతులన్నీ మా ఇంట్లో ఉన్నాయి. పుస్తెల పక్కన ఆమె పేరు మీద చేయించిన చిన్న బంగారు బిళ్ళ ఒకటి నా మెడలో వేలాడుతుంది. పండక్కి కొత్త చీర వస్తే ముందు ఆమె ఫొటో ముందు పీట మీద పెట్టి, బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించాలి. "నువ్వు కట్టుకో, నువ్వు కట్టుకున్నంక నేను కట్టుకుంట" అని మొక్కాలి. అగరొత్తి కాలిపోయాక ఆ చీర నాకు వస్తుంది. ఈ ఇంట్లో నా ఒంటి మీదికొచ్చిన ప్రతి చీరా ఆమె కట్టి విడిచిందే అన్నమాట. మొదటి దసరాకే ఆ సంగతి అర్థమై ఆ రోజంతా మూతి ముడుచుకుని కూర్చున్నాను.

చచ్చిపోయిన మనిషితో పోటీ ఏందే అని మా అమ్మ తిట్టింది. అమ్మకేం తెలుసు. బతికున్న సవతైతే నాతోపాటు ముసలిదవుతుంది. పప్పు మాడబెడుతుంది, దగ్గుతుంది, లొల్లి పెట్టుకుంటుంది, నాలుగు మాటలు పడుతుంది. ఈమె ఏమీ చెయ్యదు. పెళ్ళైన రెండో ఏడే కామెర్లొచ్చి పోయింది కాబట్టి తప్పు చేసే తీరిక కూడా దొరకలేదు. నేను చారులో ఉప్పు ఎక్కువేసిన రోజు మా అత్తమ్మ గోడ వైపు చూసి ఊరికే ఒక నిట్టూర్పు వదిలేది. ఆ నిట్టూర్పుకన్నా నాలుగు తిట్లు నయం.

మా ఆయన సంగతి చెప్పాలి. ఆయనది నీళ్ళ డిపార్ట్‌మెంట్‌లో వాల్వులు తిప్పే పని. ఏ గల్లీకి ఏ రోజు, ఏ పూట నల్లా వదలాలో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్తాడు. చెడ్డ మనిషి కాదు, చెయ్యెత్తడు, తాగడు, మాట కూడా ఎక్కువుండదు. పొద్దున డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఆ ఫొటో ముందు ఒక్క నిమిషం నిలబడి, ఫ్రేము కింది అంచును వేలితో తాకి, అప్పుడు చెప్పులు వేసుకుంటాడు. నాతో మాత్రం "తలుపేస్కో" అంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు దక్కిన వీడ్కోలు అదే.

నాకంటూ ఒక మంచి ఫొటో లేదు. పెళ్ళి ఫొటోల్లో తల వంచుకుని ఉన్నాను, తల ఎత్తిన ఒక్కదాంట్లో కళ్ళు మూసుకుపోయాయి. ఆధార్ కార్డులో ఉన్నది నేనేనని నాకే నమ్మకం లేదు. ఫోన్లు వచ్చాక ఇంట్లో అందరి ఫొటోలు తీసేది నేనే కాబట్టి నేను ఎందులోనూ ఉండను. ఉంటే నా వేలు ఉంటుంది.

ఈ ఏడాది నా బిడ్డకు హైటెక్ సిటీ దిక్కు ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం రాగానే వచ్చి నా పక్కన కూర్చుంది.

"అమ్మా, నీకేం గావాలె చెప్పు. కమ్మలా, చీరనా?"

"ఫొటో దిగుత" అన్నాను.

అది నవ్వి ఫోను తీసింది. "గంతేనా? నవ్వు, ఇప్పుడే తీస్త."

"ఫోన్ల కాదే. స్టూడియోల. లైట్లు పెట్టి, కూసోవెట్టి, ఒక్కదాన్నే మంచిగ తీస్తరు చూడు, గట్ల."

నా గొంతులో ఏం వినిపించిందో, అది నవ్వడం ఆపి గోడ వైపు చూసింది. తెలివైన పిల్ల. "పోర్ట్రెయిట్ సెషన్ అంటరమ్మా దాన్ని. చేపిద్దాం" అంది.

నా లెక్క నాకుంది. అంతే కొలతలో నా ఫొటో ఒకటి పెద్దగా తీయించి, ఆ గోడ మీదే, ఆమె పక్కనే పెట్టాలి. తలుపు తీసుకుని వచ్చిన వాళ్ళు ఇద్దరినీ చూడాలి, వాళ్ళ కన్ను నా దగ్గర ఆగాలి. ముఖ్యంగా ఆయన కన్ను. పొద్దున డ్యూటీకి పోతూ ఒక్క రోజైనా ఆ మనిషి నా ముందు ఆగాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

బిడ్డ బంజారాహిల్స్‌లో ఏదో స్టూడియో చూసింది. వద్దన్నాను. దసరాకు దుమ్ము దులిపేటప్పుడు ఆ ఫ్రేము వెనక అంటించిన కాగితం చూశాను, పత్తర్‌గట్టి వెనక సందులో ఉన్న స్టూడియో అది. విచారిస్తే ఇంకా నడుస్తోందని తెలిసింది. ఆమె ఎక్కడ దిగిందో నేనూ అక్కడే దిగాలి. వీలైతే ఆ కుర్చీలోనే కూర్చోవాలి. గెలిచేదేదో ఆమె బరిలోనే గెలవాలి.

బిడ్డ తయారీ మొదలుపెట్టించింది. రోజూ వీడియోలు పంపేది. నీళ్ళు బాగా తాగాలి, నిద్ర పోవాలి, కొత్త క్రీములు ఏవీ రాయొద్దు, ఫేషియల్ ఫొటోకు ముందురోజు అస్సలు చేయించుకోవద్దు. మెరిసే చీర వద్దు, నీ ఒంటికి నప్పే రంగు కట్టుకో, నీలాగా ఉండు అని చెప్పింది. అన్నిటికీ సరే అన్నాను. నాలాగా ఉండడానికైతే స్టూడియో దాకా ఎందుకు?

గోడ మీద ఫొటోను నా ఫోన్లో ఫొటో తీసుకుని పత్తర్‌గట్టి బయల్దేరాను. చీరల దుకాణంలో తెల్లబట్ట పరిచిన గద్దె మీద కూర్చుని ఫోను చూపించాను. దుకాణం ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"అరె అమ్మా, ఏ తో పురానా మాల్ హై. గీ బార్డర్ ఇప్పుడు వస్తలేదు. వేరే చూపిస్త కూసోండ్రి."

చూపించాడు. ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోయాడు. వాటిలో ఒకటి కనకాంబరం రంగుది వచ్చింది, సన్నటి వెండి అంచుతో. నాకు చిన్నప్పటి నుంచి కనకాంబరం రంగంటే ప్రాణం. బడికి పోయే రోజుల్లో ఆ రంగు రిబ్బన్లు కొనివ్వలేదని అన్నం మానేసిన దాన్ని. నా చెయ్యి నాకు తెలియకుండానే పోయి ఆ చీర మీద పడుకుంది.

"గిది మీ రంగుకు మస్తు కుదుర్తది అమ్మా. తీస్కపోండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు ఆయన.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "నాకు చిలకపచ్చనే గావాలె. మామిడిపిందెల అంచుది."

ఇంకో రెండు దుకాణాలు తిరిగి, మదీనా చౌరస్తా దాకా పోయి వెతికితే దొరికింది. అచ్చం అదే కాదు గాని, దూరం నుంచి చూస్తే అదే. లాడ్ బజార్‌లో మూడు వరసల నకిలీ ముత్యాలు కొన్నాను. ఇంటికి తెచ్చి దొంగ సొమ్ములా బిడ్డ బట్టల అల్మారాలో అడుగున దాచాను.

తర్వాత బ్యూటీ పార్లర్. మా గల్లీ చివర ఒకామె ఇంట్లోనే నడుపుతుంది. కుర్చీలో కూర్చోగానే అడిగింది, "ఎవరిదన్న పెండ్లా అక్కా?"

"నాదే" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. ఫోను తీసి ఆ కనుబొమ్మలు చూపించాను. ఇలాగే కావాలన్నాను. "గింత సన్నగ ఇప్పుడు ఎవ్వరు చేపిచ్చుకుంటలేరక్కా, బాగుండదు" అని ఎంతో చెప్పింది. వినలేదు. దారం పట్టి లాగుతుంటే కళ్ళవెంట నీళ్ళు కారాయి, అయినా కదల్లేదు. ఇంటికి రాగానే మా అత్తమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏందే ఆ మొఖం? ఎవరన్న భయపెట్టిండ్రా?" అంది. అద్దంలో చూసుకున్నాను. నిజంగానే దారిలో పామును చూసినట్టుంది నా మొహం.

చేతుల కోసం గ్లవుజులు తొడుక్కుని అంట్లు తోమాను. ముల్తానీ మట్టిలో నిమ్మరసం కలిపి మోచేతుల దాకా పూసుకున్నాను. జుట్టుకు రంగేస్తే చెవి తమ్మె నల్లబడింది, అది పోవడానికి కొబ్బరినూనె రాసి రాసి చెవి వాచింది. మెడకు మాత్రం మందు లేదు. వంట చేస్తున్నంతసేపూ గడ్డం పైకెత్తి నిలబడితే మెడ సాగుతుందేమోనని ఆశపడ్డాను. అలా ఉండి ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను కూడా. స్నానాల గదిలో తలుపేసుకుని, పెదాలు కలిపి, పక్కకు చూస్తూ నవ్వడం ప్రాక్టీసు చేశాను. నేను పక్కకు చూస్తే బస్సు కోసం చూస్తున్నట్టుండేది. ఆమెకెలా వచ్చిందో ఆ చూపు అని పళ్ళు నూరుకున్నాను. ఫేషియల్ కూడా చేయించుకున్నాను, వద్దన్న రోజే. బుగ్గ మీద ఎర్రగా రెండు దద్దుర్లు లేచాయి.

మా ఆయన ఇదంతా చూశాడో లేదో నాకు తెలియదు. ఒక పూట అన్నం తింటూ, "గిప్పుడెందుకు ఫొటో?" అన్నాడు. "బిడ్డ తీపిస్తనంటుంది" అన్నాను. "ఆఁ" అని పెరుగు కలుపుకున్నాడు.

ఫొటో దిగే రోజు మధ్యాహ్నం ఆయన డ్యూటీలో ఉన్నాడు, బిడ్డ ఆఫీసులో ఉంది, అత్తమ్మ భోంచేసి పడుకుంది. చిలకపచ్చ చీర కట్టాను, ముత్యాలు వేసుకున్నాను, పాపిడి ఆమెలాగే తీశాను. పుస్తెలు పైకే ఉంచి ఆ బంగారు బిళ్ళను మాత్రం జాకెట్టు లోపలికి తోసేశాను. ముందు గదిలోకి వచ్చేసరికి ఆమె ఎదురుగా ఉంది. ఈ ఇంటికి వచ్చాక ఆమెకు చూపించకుండా నేను కట్టిన మొదటి కొత్త చీర అది. నోరు ఊరుకోలేదు.

"గీ చీర ముందు నాది" అన్నాను, పైకే.

బయటికొచ్చి ఆటో ఎక్కాను.

స్టూడియో మేడ మీద ఉంది. ఇరుకు మెట్లు. పాతకాలపు స్టూడియో యజమాని ఇప్పుడు లేడు, కొడుకు చూసుకుంటున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల గొడుగుల్లాంటి లైట్లు, కంప్యూటరు, వెనక బూడిదరంగు పరదా. నన్ను చూసి మర్యాదగా స్టూలు చూపించాడు.

"అమ్మా, మీకెట్ల గావాల్నో చెప్పుండ్రి. గట్లనే తీస్త."

ఫోను తీసి ఆ ఫొటో చూపించాను. "గిట్లనే గావాలె. గిదే కుర్చీ ఉంటే గండ్లనే కూసుంట. మీ దగ్గర దిగిన ఫొటోనే ఇది."

ఆయన ఫోను అందుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, నవ్వాడు.

"వల్లా, మా అబ్బా చేసిన పనే. గని అమ్మా, గీ కుర్చీ మా దగ్గర ఎప్పుడు లేదు."

"లేకపోతె ఫొటో ఎట్లొచ్చింది?"

"ఇది దిగిన ఫొటో కాదమ్మా. చేసిన ఫొటో."

నాకు అర్థం కాలేదు. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఏదో వెతికి, తెర నా వైపు తిప్పాడు. నా చీర అక్కడ ఉంది. చిలకపచ్చ పట్టు, మామిడిపిందెల అంచు. మూడు వరసల ముత్యాలు, చెక్కుడు కుర్చీ, దాని చేతి మీద వదిలేసిన చెయ్యి. ఆ మెడ. మెడ పైన మొహం ఉండాల్సిన చోట తెల్లగా, ఖాళీగా ఉంది.

ఆయన మామూలుగా చెప్పుకుపోయాడు. వెనకట ఇంట్లో ఎవరైనా పోతే, వాళ్ళకు సరైన ఫొటో ఉండేది కాదు. ఏ పెళ్ళిలోనో దిగిన గుంపు ఫొటో తెచ్చేవాళ్ళు. దాంట్లోంచి మొహం పెద్దది చేసి, బ్లేడుతో కోసి, ముందే తీసి పెట్టుకున్న ఇలాంటి 'బాడీ' మీద అంటించి, గడ్డం కింద కుంచెతో నీడ దిద్ది, మళ్ళీ మొత్తాన్ని ఫొటో తీసేవాళ్ళు. ఆడవాళ్ళకు రంగురంగుల పట్టుచీరల బాడీలు, మగవాళ్ళకు కోటు బాడీ, తలపాగా బాడీ. అడిగినవాళ్ళకు అడిగిన రంగు.

"గీ చిలకపచ్చ బాడీ మస్తు నడిచిందమ్మా. పాతబస్తీల ఎన్ని ఇండ్లల్ల ఉన్నదో" అన్నాడు.

"ఎవరు గామె?" అన్నాను.

"ఎవరికెర్క. మా అబ్బా బయటికెల్లి తెచ్చిన పోస్టర్ కావచ్చు."

స్టూలు మీద కూర్చుండిపోయాను. ఎదురుగా గోడకు నిలువుటద్దం ఉంది, గిరాకీలు దువ్వుకోవడానికి పెట్టింది. అందులో చిలకపచ్చ చీర, మూడు వరసల ముత్యాలు, అరువు కనుబొమ్మలు కనిపించాయి. కంప్యూటరులో మొహం లేని బాడీ, అద్దంలో బాడీ వేసుకున్న నేను. ఎవరో పోస్టరులో ఉన్న ఆడదాని మెడ చూసి నేను ఇన్నేళ్ళు కడుపు మండించుకున్నాను. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపుగా మారబోతుంటే ఆపుకున్నాను.

ఆయన కంగారుపడ్డాడు. "ఏమన్న తప్పు మాట్లాడిన్నా అమ్మా? నీళ్ళు తాగుతరా?"

"తియ్యిండ్రి ఫొటో" అన్నాను.

ప్రాక్టీసు చేసిన నవ్వు రాలేదు. పక్క చూపు రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన ఏదో చెప్తూ తీస్తూ పోయాడు. చివరికి ఒకటి చూపించి ఇది బాగుందన్నాడు. దాంట్లో నేను నేరుగా ముందుకు చూస్తున్నాను, నోరు కొంచెం తెరిచి ఉంది, ఎవరినో ఏదో అడగబోతున్నట్టు. బిళ్ళ ఎప్పుడు జారిందో జాకెట్టు బయటికొచ్చి పుస్తెల పక్కన మెరుస్తోంది. అదే పెద్దది చెయ్యమన్నాను. ఫోన్లోకి కూడా పంపించుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఆ గోడ ముందు నిలబడ్డాను. గడ్డం కింద సన్నటి గీత ఉంది. పక్కనే కుంచె నీడ. ఎన్ని దసరాలకు ఈ అద్దం తుడిచానో, ఆ గీత నాకు ఒక్కసారీ కనపడలేదు, ఎందుకంటే నేనెప్పుడూ మెడనే చూశాను. ఇప్పుడు మెడను వదిలేసి మొహం చూశాను. ఫొటో మొత్తంలో ఆమెది ఆ మొహం ఒక్కటే. చిన్నదాన్ని సాగదీశారు కాబట్టి మసకగా ఉంది. నా బిడ్డకన్నా చిన్న పిల్ల. ఎవరి పెళ్ళిలోనో ఎవరి వైపో చూస్తోంది పాపం, నేనది పొగరనుకున్నాను.

సాయంత్రం ఆయన వచ్చాక చాయ్ ఇచ్చి, అక్కడే నిలబడి అడిగాను.

"ఆమె ఫొటో స్టూడియోల దిగింది కాదంట గదా?"

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఉన్నన్ని దినాలు ఒక్క ఫొటో తీపియ్యలే. పోయినంక దినాలకు ఫొటో గావాలన్నరు. వాళ్ళ చెల్లె పెండ్లిల అందరు నిలవడ్డ ఫొటో ఒక్కటి దొరికింది. గండ్ల ఆమె మొఖం గింతుంటది." బొటనవేలి గోరు చూపించాడు. "స్టూడియో ఆయన ఏ రంగు చీర పెట్టాలె అని అడిగిండు. చిలకపచ్చ పెట్టుమన్న. చిలకపచ్చ పట్టుచీర కొనియ్యమని మస్తు అడుగుతుండె. అగో ఇగో అనుకుంటనే పాయె."

జాలి కలిగింది, నిజమే. కాని అంతకన్నా ముందు కడుపు భగ్గుమంది. మెడ పోయింది, చెయ్యి పోయింది, కుర్చీ పోయింది. ఇంక ఏమీ మిగల్లేదు కదా అనుకుంటుంటే ఇదొకటి మిగిలింది. రెండేళ్ళు కూడా కాపురం చెయ్యని పిల్ల ఏ రంగు అడిగిందో ఈ మనిషికి ఇప్పటికీ గుర్తుంది. ఆ రంగు చెప్తుంటే ఆయన గొంతు మారింది. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు.

"నాకే రంగు ఇష్టమో చెప్పు" అన్నాను.

ఆయన బిత్తరపోయాడు. నా మొహం చూశాడు, తర్వాత నా చేతిలో ఉన్న ఫోను చూశాడు. తెర మీద అప్పుడే దిగిన నా ఫొటో వెలుగుతోంది. తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లాడిలా ఆయన మొహం తేటపడింది.

"చిలకపచ్చనే గదా. గీ ఫొటోల కట్టింది గదే."

నా సన్న కనుబొమ్మలు ఇంకెంత పైకి పోగలవో అంత పైకి పోయి ఉంటాయి. తప్పు ఆయనదనడానికీ లేదు. ఆ రంగు వెతుక్కుంటూ మదీనా దాకా పోయింది నేనే. "ఆఁ" అని లోపలికి వెళ్ళిపోయాను.

పెద్ద ఫొటో ఫ్రేము కట్టి వచ్చింది. బిడ్డే మేకు కొట్టి ఆమె పక్కన పెట్టింది. ఇద్దరం చిలకపచ్చలో, ముత్యాలతో. ఇంటికొచ్చిన వాళ్ళు చూసి, అక్కాచెల్లెండ్లా అని అడుగుతున్నారు. అంత కష్టపడి నేను సాధించింది అదీ. పొద్దున ఆయన మామూలుగానే ఆమె ఫ్రేము అంచు తాకి, నా ఫొటో వైపు ఒక చూపు చూసి, నా వైపు తిరిగి "తలుపేస్కో" అంటున్నాడు.

దసరా వచ్చింది. పండగ ముందురోజు ఆయన డ్యూటీ నుంచి వస్తూ చేతిలో ఒక సంచి తెచ్చాడు. చీర. ఇన్నేళ్ళల్లో ఎవరూ చెప్పకుండా తనంతట తాను దుకాణానికి పోయి నాకోసం చీర తేవడం అదే మొదలు. ఇవ్వడం కూడా చేతగాక సంచి నా ముందు పెట్టి పక్కకు చూస్తూ నిలబడ్డాడు. గబగబా విప్పాను. చిలకపచ్చ పట్టు, మామిడిపిందెల అంచు.

పండగనాడు పొద్దున మా అత్తమ్మ నోరు తెరవకముందే నేనే పీట వేశాను. దాని మీద ఆ చీర పెట్టాను, బొట్టు పెట్టాను, అగరొత్తి వెలిగించాను. మొక్కేటప్పుడు ప్రతిసారీ చెప్పే మాట చెప్పలేదు.

"ఇగో, నువ్వడిగిన చీర. కొన్నడు" అన్నాను.

అగరొత్తి పూర్తిగా కాలిపోయింది. పద్ధతి ప్రకారం ఇప్పుడు చీర నాది. నేను తియ్యలేదు. పాత చీరలోనే వంట మొదలుపెట్టాను. ఆయన స్నానం చేసి, తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి, పీట మీద చీరను చూశాడు, నన్ను చూశాడు.

"ఏంది, ఇంక కట్టుకోలే?"

"అది నాది కాదు. నాకు కనకాంబరం రంగు ఇష్టం."

ఆయన తల తుడుచుకోవడం ఆపేశాడు. "ముందుగాల్నే చెప్తే తెద్దును గద?" అన్నాడు.

నేను గోడ వైపు చూశాను.

"ఆమె చెప్పింది గదా" అన్నాను.